మంచు కింద ఏరు: బోల్ట్ మీద గీత

పోయిన వారం మార్లిస్ హాగెన్‌ను గొర్రెల దొడ్డి కంచె దగ్గర వదిలి వచ్చాం. కయోటీ నక్కలు మళ్లీ వచ్చాయి. ఈనిన గొర్రెను వదిలేసి పిల్లను ఎత్తుకుపోయాయి. ఆమె చేతిలో ఉన్నది వాళ్ల నాన్న రైఫిల్. ఒకసారి కాల్చాక బోల్ట్‌ను చేత్తో లాగి తోస్తేగానీ దానిలో రెండో గుండు ఎక్కదు. లాగేలోపు చూపు తప్పింది, నక్కలు పొదలు దాటాయి. ఇక గుండు దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ కొనక తప్పదని ఆమె అక్కడే అనుకుంది. తాను కొనుక్కొస్తానన్నాడు భర్త గ్లెన్. ఆమె ఒప్పుకోలేదు. తుపాకీ చూసి కొనడం ఆమెకు తమ్ముడు ఆర్విడ్ నేర్పాడు.

ఆర్విడ్ మా లోయలో గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. నవంబరులో చనిపోయాడు. ఎలా చనిపోయాడో అందరికీ తెలుసు, ఎందుకంటే గ్లెన్ చెప్పాడు. బావా బావమరుదులు జింకల వేటకు వెళ్లారు. దెబ్బ తిన్న జింక ఏరు దాటింది. ఆర్విడ్ దాని వెనకే మంచు మీదికి నడిచాడు, మంచు విరిగింది, రైఫిల్ భుజాన ఉండగానే కిందికి పోయాడు. శవం వంతెన దగ్గర దొరికింది. రైఫిల్ దొరకలేదు. షెరీఫ్ కూడా గ్లెన్ చెప్పినట్టే రాసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆర్విడ్ కుక్క గ్లెన్ ట్రక్కు ఎక్కదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

*

శనివారం పొద్దున గ్లెన్ ఆమెను లీలండ్ స్ట్రౌడ్ కొట్టు ముందు దించి, గొర్రెలకు ఉప్పు దిమ్మలు తేవడానికి దాణా కొట్టుకు వెళ్లాడు. 

లీలండ్ తుపాకులు అమ్ముతాడు. వాటితో పాటు చేపల గాలానికి వానపాములు, ఫైర్ స్టేషన్ వాళ్ల లాటరీ టికెట్లు కూడా అమ్ముతాడు. ఈ ఏడు లాటరీలో మొదటి బహుమతి రైఫిల్, రెండోది పంది తొడ. అతని ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. దాని సిలిండర్‌ను చక్రాల బండి మీద వెంట లాక్కుని తిరుగుతాడు.

ఏప్రిల్. ఏటి మీద మంచు విరుగుతోంది. తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు వస్తుంది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడదు. మళ్లీ వస్తుంది.

"రా అమ్మాయ్," అన్నాడు లీలండ్. "కాఫీ పోసుకో. నిన్నటిది. ఇవాళ పెట్టినా ఇంతకంటే బాగుండదు."

"ఈ కాఫీ నక్కలకు పోస్తే తుపాకీ ఖర్చు తప్పేది."

"ఈ మాట మీ తమ్ముడు అనేవాడు."

ఆమె కప్పు తీసుకుంది. అతను చూపు కౌంటర్ మీదికి దించుకుని గుడ్డతో అద్దం తుడిచాడు. అద్దం మీద మరక లేదు.

"సెమీ ఆటోమేటిక్ కావాలి, పెద్దాయనా. ఐదొందల డాలర్లు దాటకూడదు. నక్కలకు."

"ఐదొందలకు చూపిస్తా. నక్కలకు నచ్చుతుందో లేదో నేను చెప్పలేను."

మొదట అతను దించింది కొత్తది. ముందు భాగానికి టార్చ్ లైటు ఉంది, చేతికి అదనంగా ఒక పిడి, పక్కన ఎర్ర చుక్క వేసే దీపం, భుజానికి పట్టీ.

"ఇవన్నీ ఊడదీసి ఇస్తే ఎంత?" అంది మార్లిస్.

"ఊడదీస్తే అది సిగ్గుతో చచ్చిపోతుంది."

"అయితే అక్కడే ఉండనీయండి."

అప్పుడే ఆమెకు ఆ గొంతు వినిపించింది. ఎడమ భుజం వెనక నుంచి. తుపాకుల కొట్టులో ఆర్విడ్ ఎప్పుడూ అక్కడే నిలబడేవాడు. *అక్కా, చవకగా అమ్మేవాడు డబ్బు ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి. ఎక్కడ మిగుల్చుకున్నాడో పట్టుకో. రంగులో అయితే కొను. బ్యారెల్‌లోనో బోల్ట్‌లోనో అయితే అక్కడే పెట్టేయ్.*

ఆమె వెనక్కి తిరగలేదు. వంటింట్లోనూ, దొడ్డిలోనూ, చర్చిలోనూ ఆ గొంతు వినిపించినప్పుడల్లా చలికాలమంతా తిరిగి చూసింది. తిరిగితే గొంతు ఆగిపోతుంది. తిరగకపోతే ఇంకో మాట చెబుతుంది. ఆ సంగతి తెలిశాక తిరగడం మానేసింది.

రెండోది కూడా కొత్తదే. దాని మీద ఏ హంగూ లేదు. మార్లిస్ తుపాకీ గొట్టాన్ని గోడ వైపు తిప్పి, తూటాలు పెట్టే మ్యాగజైన్ తీసి, లోపల గుండు లేదని ముందు కంటితో, తర్వాత వేలితో చూసుకుంది. తూటాను గొట్టంలోకి తోసే ఇనుప ముక్క, బోల్ట్, బయటికి లాగింది.

ఇక్కడొక మాట చెప్పాలి. గుండు పేలినప్పుడు వచ్చే గాలిలో కొంత ఒక సన్న గొట్టం గుండా వెనక్కి వచ్చి బోల్ట్‌ను తోస్తుంది. ఆ తోపుకే ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. బోల్ట్ నెత్తిన ఆ గాలిని అందుకునే బుడిపెను రెండు మరలు పట్టి ఉంచుతాయి. మరలు తిరగకుండా వాటి పక్క ఇనుమును ఉలితో పొడిచి మర తల మీదికి నొక్కాలి. చవక తుపాకులు చేసేవాళ్లు తొందరపడేది ఇక్కడే.

ఈ తుపాకీలో ఉలి ఇనుమును తాకి వదిలేసింది.

*ఈ రెండు మరలూ వదులైతే నీ సెమీ ఆటోమేటిక్ నాన్న రైఫిలై కూర్చుంటుంది.*

"ఇక్కడ సరిగా పొడవలేదు," అంది ఆమె.

"అదెంత పని. ఇంటికెళ్లి ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేయించు, అయిపోతుంది."

"ఎవరితో?"

లీలండ్ సిలిండర్ బండిని లాక్కుంటూ కొట్టు వెనక వైపు, పాత తుపాకులు ఆనించి పెట్టే చోటికి నడిచాడు.

"ఇక్కడొకటుంది. చూడ్డానికి అడ్డమైన చాకిరీ చేసినట్టుంటుంది. చూసి తిట్టకు."

భుజానికి ఆనించే చెక్క రంగు ప్లాస్టిక్ మడమ మీద టేపు అంటించి పీకిన జిగురు ఉంది. మచ్చల పట్టీ ఒక చోట చిరిగి మళ్లీ కుట్టి ఉంది. కంపెనీ పేరు చూడగానే మార్లిస్ ధర ఊహించింది. కొత్తప్పుడే నాలుగొందలు పలకదు. ఊపి చూసింది. పై భాగానికీ కింది భాగానికీ మధ్య చిన్న చప్పుడు. దాన్ని ఆర్విడ్ పట్టించుకునేవాడు కాదు. *అది దాని మాట తీరు అక్కా, రోగం కాదు.*

బోల్ట్ లాగి, చూడకుండానే కౌంటర్ మీది గుడ్డపై పెట్టింది. ముందు బ్యారెల్ చూడాలి. లీలండ్ ఇచ్చిన పెన్‌లైట్‌తో వెనక నుంచి లోపలికి చూసింది. గుండు మొదలయ్యే చోట గాడులు అరగలేదు. చివర అంచు మీద గీతల్లేవు. ట్రిగ్గర్ నొక్కి, వదిలి, మళ్లీ నొక్కింది. ఆగి ఆగి నొక్కింది. ప్రతిసారీ ఒకే చోట టక్కుమని వదిలింది. మ్యాగజైన్ పెట్టి మీట నొక్కితే దానంతట అదే కిందికి జారింది.

"ఎంత?"

"మూడొందల ఎనభై. నీకు కాబట్టి."

"నాకు కాకపోతే?"

"అప్పుడూ మూడొందల ఎనభయ్యే. కానీ ‘నీకు కాబట్టి’ అననుగా."

ఆమె బోల్ట్ చేతిలోకి తీసుకుంది.

ముందు తెలిసింది నునుపు. వేలు ఎక్కడా తట్టుకోలేదు. మొన పళ్లలో ఒక్కదాని అంచూ చిట్లలేదు. కొలిమి దాటాక పరీక్షించినట్టు పంటి పక్కన అక్షరాలు గుద్ది ఉన్నాయి. ఇది ఈ తుపాకీతో పుట్టిన బోల్ట్ కాదు. ఈ రకం తుపాకుల్లో ఒకదాని బోల్ట్ ఇంకోదానికి సరిపోతుంది. దీనొక్కదాని ఖరీదు ఈ తుపాకీలో సగం ఉంటుంది. చవక తుపాకీలో ఇంత మంచి బోల్ట్ ఎవరూ వేయరు. ఒకవేళ వేస్తే, అమ్మే ముందు తీసి దాచుకుంటారు. తెలిసినవాడైతే ఇలా ఇవ్వడు. ఇచ్చినవాడికి దీని విలువ తెలియదు, లేదా ఇది తనకు ఊరికే వచ్చింది.

ఇందులో డబ్బు ఎక్కడ మిగుల్చుకున్నారా అని ఆమె చూస్తోంది. ఎక్కడా మిగలలేదు. ఎక్కువైంది.

బోల్ట్‌ను తిప్పి, మరలున్న వైపు వెలుతురుకు పట్టింది.

ఉలి దిగినచోట గుర్తు గుండ్రంగా ఉండాలి. తుపాకులు బాగుచేసే వాళ్ల ఉలి మొన గుండ్రంది. ఇవి పలకలుగా ఉన్నాయి. లాడంలో మేకు పట్టడానికి బెజ్జం పొడిచే మొన పలకగా ఉంటుంది, మేకే పలకగా ఉంటుంది కాబట్టి. మా లోయలో అలాంటి మొనతో తుపాకీ మరలు నొక్కినవాడు ఒక్కడే.

నాలుగు గుర్తుల్లో ఒకటి జారింది. మర తల దగ్గర మొదలై ఒక గీత పక్కకు పోయి అంచు దగ్గర ఆగింది.

అది జారినప్పుడు బోల్ట్ ఆమె చేతుల్లో ఉంది. రెండేళ్ల కిందటి సంగతి. వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి, బోల్ట్ కదలకుండా రెండు చేతులా పట్టుకోమన్నాడు ఆర్విడ్. మూడు దెబ్బలు సరిగా పడ్డాయి. నాలుగోదానికి ఫోన్ మోగింది, ఆమె ఉలిక్కిపడింది. ఆర్విడ్ గీత చూశాడు, ఆమెను చూశాడు, నవ్వాడు. "ఇక ఇది నీ సంతకం అక్కా. దీన్ని ఎవడెత్తుకుపోయినా నువ్వు సాక్షివి."

నవంబరులో వేటకు వెళ్లిన పొద్దున కూడా అదే బల్ల. ఆర్విడ్ రైఫిల్ విప్పి తుడుస్తున్నాడు. పిండి చేతులు కడుక్కుని వచ్చి బోల్ట్‌ను ఆమే తుడిచి అందించింది. వేలికి గీత తగిలింది. గ్లెన్ గుమ్మంలో నిలబడి పొద్దెక్కుతోందని తొందరపెట్టాడు. ఆర్విడ్ బోల్ట్‌ను రైఫిల్‌లోకి తోసి, రైఫిల్ భుజాన వేసుకుని వెళ్లాడు.

ఆ రైఫిల్ ఏటి అడుగున ఉంది.

ఏరు పేలింది. కిటికీ అద్దం గలగలమంది.

"ఏంటమ్మాయ్, ఎక్కడైనా పగిలిందా?" అన్నాడు లీలండ్.

"లేదు."

"మరి ఏంటలా చూస్తున్నావ్?"

మార్లిస్ బొటనవేలు గీత మీదే ఉంచింది. ఎడమ భుజం వెనక నుంచి ఏదైనా వినపడుతుందేమోనని ఆగింది. ఏమీ వినపడలేదు.

"ఇదెవరిది?" అంది.

"మీవాడిదే. కోల్బీ. గ్లెన్ అక్క కొడుకు. చమురు బావుల్లో పనికి పోతూ ఇచ్చిపోయాడు. నీకు చెప్పలేదా? మామయ్యకైనా చెప్పాడో లేదో. ఈ కాలం పిల్లలు టైర్లు మార్చినట్టు ఊళ్లు మారుస్తారు."

"బోల్ట్ దీంది కాదు."

"కాదులే. కంపెనీ బోల్ట్ పన్ను క్రిస్మస్‌లో విరిగిపోయింది. సీసాలు పెట్టి కాల్చుకున్నారంట. కొత్తది కొనరా అన్నాను. కొంటాడా? తల్లి వైపు హాగెన్ నెత్తురు. ఇదే దీంట్లో పెట్టుకొచ్చాడు. ఇంత మంచిది ఎక్కడిదిరా అంటే, మామయ్య షెడ్డులో కాఫీ డబ్బాలో దొరికిందన్నాడు." లీలండ్ నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. గొంతు సర్దుకున్నాక, "అదృష్టమంటే అది," అన్నాడు. "మా షెడ్డులో డబ్బాల నిండా తుప్పు మేకులే."

కోల్బీకి ఈ లోయలో మామయ్య ఒక్కడే.

మా లోయలో ఎవరూ ఏదీ పారేయరు. గడ్డి మోపుల తాళ్లు కోసి కొక్కేలకు తగిలిస్తాం. వంగిన మేకు సాగగొట్టి డబ్బాలో వేస్తాం. ఆర్విడ్ అంత్యక్రియల రోజు చర్చి ఆడవాళ్లు మాంసం పళ్లేలపై కప్పిన రేకు కాగితాలు కడిగి, ఆరబెట్టి, మడిచి సొరుగులో పెట్టారు. మార్లిస్ కూడా మడిచింది. పక్కన నిలబడి గ్లెన్ ఆరినవి అందించాడు.

ఇంకో సంగతి కూడా ఇక్కడ అందరికీ తెలుసు. తుపాకీకి నంబరు ఉండేది ఒక్క ముక్క మీదే, ట్రిగ్గర్ ఉండే కింది భాగం మీద. చట్టం దాన్నే తుపాకీ అంటుంది. మిగతాదంతా దాని లెక్కలో ఇనుము. ఆ ముక్కను మంచు బెజ్జంలో జారవిడిస్తే ఇక ఆ తుపాకీ లేనట్టే. మిగతాది కూడా వేసేయొచ్చు. కానీ నునుపు బోల్ట్, చిట్లని పళ్లు, ఎక్కడా నంబరు లేనిది చేతిలో ఉంటే, దాన్ని నీళ్లలో వేయడానికి మా వాళ్లకు చెయ్యి రాదు.

తలుపు గంట మోగింది.

గ్లెన్ టోపీ తీసి తొడకు కొట్టి దులిపాడు. "ఉప్పు దొరికింది," అన్నాడు. "ఏటి గట్టు రోడ్డు మీదికి నీళ్లొస్తున్నాయంట. పోదామా? ఏదైనా కుదిరిందా?"

"ఇది," అంది మార్లిస్.

గ్లెన్ ముందు పట్టీని చూశాడు. చిరిగి కుట్టిన చోటు చూశాడు.

"అది కోల్బీది కదా."

"అవునంట."

"వద్దు మార్. వాడు తుపాకీని తుపాకీలా చూసుకోలేదు. బురదలో పడేసేవాడు. కొత్తది తీసుకో. తక్కువైతే నేనేస్తా."

ఇన్నేళ్ల కాపురంలో గ్లెన్ కొత్తది కొనమని చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు. పెళ్లి ఉంగరం వాళ్లమ్మది. ట్రక్కు వాళ్ల నాన్నది.

"అంత తీసిపారేస్తావేంటయ్యా," అన్నాడు లీలండ్. "అందులో నీ—"

"తూటాలు రెండు పెట్టెలు ఇవ్వండి, పెద్దాయనా," అంది మార్లిస్.

మాట మధ్యలో తెంచడం ఆమెకు అలవాటు లేదు. లీలండ్ ఆమె వైపు చూశాడు. బోల్ట్ పట్టుకున్న చెయ్యి చూశాడు, మీద నొక్కి ఉన్న బొటనవేలు చూశాడు. ఆ వేలి గోరు తెల్లబడింది. అతను వెనక్కి తిరిగి అరలోంచి పెట్టెలు తీశాడు. 

"ఏం తూటాలు?" అన్నాడు.

"మీకు తెలుసుగా."

"తెలుసు," అన్నాడు లీలండ్. 

ఆమె ఫారం నింపింది. లీలండ్ ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాడు. ఫోన్‌లో అవతలి వాళ్లు ఆగమన్నంతసేపూ గ్లెన్ వానపాముల డబ్బాల ముందు నిలబడి వాటి మీద రాసింది చదివాడు. మార్లిస్ ఖాళీ రైఫిల్‌ను సంచిలో పెట్టింది. బోల్ట్‌ను సంచిలో పెట్టలేదు. కోటు జేబులో వేసుకుంది. అది లీలండ్ చూశాడు.

"రేపు చర్చికి వస్తావా అమ్మాయ్?" అన్నాడు.

"వస్తాను."

"తప్పక రా. నువ్వు రాకపోతే నేనే మీ ఇంటికి వస్తా. ఈ బండీ నేనూ."

గ్లెన్ నవ్వాడు. "నీ కాఫీ మాత్రం తేకు, లీలండ్," అన్నాడు.

ఇద్దరూ బయటికొచ్చారు. ట్రక్కు వెనక ఉప్పు దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి, జారకుండా పాత తాడుతో కట్టి ఉన్నాయి. తాడుకు మూడు చోట్ల ముడులున్నాయి. మార్లిస్ సంచిని సీటు వెనక పెట్టి ఎక్కి కూర్చుంది. ఇంటికి పోయేదారి ఏటి గట్టు మీదే. ఇంకో దారి లేదు.

గ్లెన్ తాళం చెవి పెట్టాడు.

"అన్నీ చూసి చివరికి అదే ఎందుకు తీసుకున్నావ్?" అన్నాడు. కోపంగా అడగలేదు. వాతావరణం గురించి అడిగినట్టే అడిగాడు.

అబద్ధం చెప్పడానికి ఆమెకు చాలా ఉన్నాయి. ధర తక్కువ. బ్యారెల్ అరగలేదు. ట్రిగ్గర్ బాగుంది. అందులో ఏదీ అబద్ధం కూడా కాదు.

"బోల్ట్ మంచిది," అంది.

గ్లెన్ చెయ్యి తాళం చెవి మీద ఉంది. తిప్పలేదు. ఏటి మీద మంచు పేలింది, ఆ చప్పుడు కొండకు కొట్టుకుని తిరిగొచ్చింది. అతను ముందు అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాడు. ఊపిరికి అద్దం మసకబారింది. తుడవలేదు.

"నువ్వు అక్కడ లేవు, మార్," అన్నాడు.

ఆమె అంతవరకూ తమ్ముడి పేరెత్తలేదు. ఏటి మాటా ఎత్తలేదు. జేబులో బొటనవేలు గీత మీద పెట్టుకుని, అతను తాళం తిప్పడం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.